దారి వేయకుండా జనాన్ని దించారు: బిరోబిజాన్ ఎందుకు నిలవలేదు?

మాస్కో నుంచి ట్రాన్స్ సైబీరియన్ రైలు మార్గంలో 8 వేల కిలోమీటర్లు దాటాక బిరోబిజాన్ స్టేషన్ వస్తుంది. బోర్డు మీద ఊరి పేరు రష్యన్‌తో పాటు తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లోనూ రాసి ఉంటుంది. యూదు స్వయంప్రతిపత్తి ప్రాంతానికి ఇది రాజధాని. రష్యాలో ఇప్పుడు ఈ తరహా హోదా ఉన్న ప్రాంతం ఇదొక్కటే. విస్తీర్ణం 36 వేల చదరపు కిలోమీటర్లు, అంటే బెల్జియం కన్నా పెద్దది. 2021 జనగణన నాటికి జనాభా సుమారు లక్షా 50 వేలు. అందులో యూదులమని రాయించుకున్నవారు 837 మంది.

1928 నుంచి సోవియట్ ప్రభుత్వం యూదుల్ని సేద్యం కోసం ఇక్కడికి తరలివచ్చేలా చేసింది. ఇప్పుడు మిగిలిన ఈ అంకె చూసినవాళ్లు తొందరగా ఒక నిర్ణయానికి వచ్చేస్తారు. కుట్టుపని, చిల్లర వ్యాపారం చేసుకునే జనానికి సేద్యం చేతకాలేదని, సైబీరియా చలికి తట్టుకోలేక పారిపోయారని అంటారు. ఆ మాట వచ్చినవాళ్లకు అన్యాయం చేస్తుంది. అదే కాలంలో క్రిమియాలో, దక్షిణ ఉక్రెయిన్‌లో యూదు రైతులు పంటలు పండించారు. అక్కడ ట్రాక్టర్లు, విత్తనాలు, వ్యవసాయ నిపుణుల సాయం అందాయి. బిరోబిజాన్‌లో దెబ్బకొట్టింది పనుల వరుస. ముందు చేయాల్సినవి వెనక్కి పోయాయి, చివర చేయాల్సినది ముందుకొచ్చింది.

1927 వేసవిలో వ్యవసాయ శాస్త్రవేత్త బోరిస్ బ్రుక్ నాయకత్వంలో ఒక బృందం ఈ నేలను పరిశీలించింది. స్థిరపడటానికి వీలుందని చెబుతూనే, తొందర వద్దని హెచ్చరించింది. ముందు రోడ్లు వేయాలి, చిత్తడి నేలల నుంచి నీరు దిగే కాలువలు తవ్వాలి, ఆ తర్వాతే జనం రావాలి. ఈ సూచనకు కారణం నేలలోనే ఉంది. పైన సారవంతమైన మట్టి పలచగా ఉంటుంది, దాని కింద గట్టి బంకమన్ను. వాన నీరు లోపలికి ఇంకదు. ఏడాది వర్షంలో పెద్ద భాగం వేసవి రెండో సగంలో, సరిగ్గా పంట చేతికొచ్చే ముందు కురుస్తుంది. కాలువ లేని పొలంలో ధాన్యం నిలబడినచోటే కుళ్లుతుంది, గడ్డి ఆరదు. గడ్డి ఆరకపోతే సగటు ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీలు దిగువకు పోయే జనవరిలో పశువులకు మేత ఉండదు. తడి నేల మీద పుట్టే దోమలు, కుట్టే ఈగలు మనుషులతో పాటు గుర్రాలనూ పీడిస్తాయి.

1928 మార్చి 28న ఈ ప్రాంతాన్ని యూదుల వలసకు కేటాయిస్తూ ప్రభుత్వ నిర్ణయం వెలువడింది. ఆ వసంతంలోనే మొదటి కుటుంబాలు తిఖోన్‌కాయా అనే చిన్న రైల్వే స్టేషన్‌లో దిగాయి. కాలువలు లేవు, ఇళ్లు లేవు. ఆ వేసవిలో కుండపోత వానలు పంటల్ని ముంచేశాయి. పశువులకు ఆంథ్రాక్స్, మన పల్లెల్లో దొమ్మ రోగం అనేది, సోకింది. ఆ ఏడాది వచ్చిన 654 మందిలో దాదాపు సగం అక్టోబరు నాటికే వెళ్లిపోయారు. ఇందులో వాళ్ల చేతకానితనం ఎక్కడుంది?

మరి అంత తొందర దేనికి? విప్లవం తర్వాత పాత యూదు పట్టణాల్లో జీవనాధారం కూలిపోయింది, లక్షలమందికి పని చూపాలి. క్రిమియాలో భూమి ఇస్తుంటే స్థానికుల నుంచి వ్యతిరేకత వచ్చింది. అన్నిటికీ మించి, ఆమూర్ నదికి అవతల చైనా. పలచగా జనమున్న ఆ సరిహద్దును నింపాలని ప్రభుత్వం చూసింది. 1931లో జపాన్ ఈశాన్య చైనాలోని మంచూరియాను ఆక్రమించాక ఆ ఆత్రం ఇంకా పెరిగింది. నాటి సోవియట్ దేశాధినేత కాలినిన్ వంటి నాయకులు యూదు జాతి భవిష్యత్తు గురించి నిజాయితీగానే మాట్లాడి ఉండవచ్చు. కానీ స్థలాన్ని ఎంచింది మాత్రం సైన్యం లెక్కలు.

ఇంత జరిగినా ఉండిపోయినవాళ్లు కట్టింది తక్కువేమీ కాదు. వాల్డ్‌గైమ్, బిరోఫెల్డ్ గ్రామాలు లేచాయి. 1930లో యిడ్డిష్ పత్రిక ‘బిరోబిజానెర్ ష్టెర్న్’ మొదలైంది. 1934 మే 7న స్వయంప్రతిపత్తి వచ్చింది, అదే ఏడాది యిడ్డిష్ నాటకశాల తెరుచుకుంది. జర్మనీలోని పేరున్న కళా, నిర్మాణ విద్యాలయం బౌహౌస్ మాజీ డైరెక్టర్ హానెస్ మేయర్ నగరానికి ప్రణాళిక గీశాడు, అది అమలు కాలేదు. 1939 జనగణనలో ఈ ప్రాంతంలో 17,695 మంది యూదులు ఉన్నారు, జనాభాలో 16 శాతం. నాలుగింట మూడు వంతుల మంది పట్టణాల్లోనే ఉన్నారు. అప్పటి సోవియట్ యూదులు 30 లక్షలని గుర్తుంచుకుంటే, ఇక్కడ ఉన్నది వందకు ఒక్కరు కూడా కాదు.

ఆ కొద్దిపాటి మొలకను తొక్కింది ప్రభుత్వమే. ప్రాంతీయ పాలనకు తొలి అధ్యక్షుడు, పండితుడు ఐయోసిఫ్ లిబెర్‌బెర్గ్‌ను 1936లో అరెస్టు చేసి 1937లో కాల్చి చంపారు. అదే 1937లో దూర తూర్పులోని కొరియన్లందరినీ మధ్యాసియాకు తరలించారు. ఈ ప్రాంతంలోనే బ్లగోస్లొవెన్నొయె గ్రామంలో 19వ శతాబ్దం నుంచి సేద్యం చేస్తున్న కొరియన్లూ అందులో ఉన్నారు. ఈ నేల స్వభావం తరాలుగా ఎరిగిన రైతులు వాళ్లు. యూదు వలస చరిత్ర చెప్పేటప్పుడు ఈ సంగతిని వదిలేయడం నాకు సమ్మతం కాదు.

యుద్ధం తర్వాత నాజీల మారణహోమం నుంచి మిగిలినవారు ఉక్రెయిన్ నుంచి రైళ్లలో మళ్లీ వచ్చారు. ఆ ఆశ మూడేళ్లు నిలవలేదు. 1948-49లో యూదు సంస్కృతిపై దాడి మొదలైంది. నాటకశాల, యిడ్డిష్ బడులు మూతపడ్డాయి, గ్రంథాలయంలో యిడ్డిష్ పుస్తకాలు నాశనమయ్యాయి, స్థానిక నాయకులు జైళ్ల పాలయ్యారు. ఒక తరం తమ భాషలో చదవకుండానే పెరిగింది. అందుకే ఇజ్రాయెల్‌కు దారి తెరుచుకోగానే ఊరు ఖాళీ అయింది: 1989లో 8,887 మంది, 2002లో 2,327 మంది.

ఇప్పుడు ఈ ప్రాంతాన్ని పక్కనున్న ఖబరోవ్‌స్క్ ప్రాంతంలో కలిపేయాలన్న ప్రతిపాదన తరచూ వస్తోంది. 2001 నాటి చట్టం ప్రకారం అందుకు రెండు ప్రాంతాల్లోనూ ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కేంద్రం నిధుల మీద ఆధారపడిన చిన్న ప్రాంతానికి ఖర్చు తగ్గుతుందన్నది కలపాలనేవారి వాదన. నేను ఒప్పుకోను. 2022 నవంబరులో ఆమూర్ మీద చైనాకు రైలు వంతెన తెరుచుకుంది. రష్యా వెడల్పు పట్టాలు, చైనా ఇరుకు పట్టాలు రెండూ దాని మీద ఉన్నాయి. ఇక్కడి ఇనుప ఖనిజం అటు వెళ్లడానికి దగ్గర దారి ఏర్పడింది. ఆ సరకు మీద వచ్చే రాబడిలో వాటా అడగడానికి సొంత శాసనసభ, సొంత బడ్జెట్ ఉండాలి. 2013లో ఆమూర్ వరద ముంచిన గ్రామాలకు గట్లు, కాలువలు కావాలి. కాలువలు బ్రుక్ బృందం 1927లోనే అడిగినవి.