సవరణ: గంటకు 50 కిలోమీటర్ల లెక్క
కర్నూలు నంద్యాల చెక్‌పోస్టు దగ్గర రోడ్డు దాటేవారి గురించి నిన్న రాస్తూ, గంటకు 50 కిలోమీటర్ల వేగంతో కారు ఢీకొంటే పాదచారుల్లో పదిమందికి ఎనిమిదిమంది చనిపోతారన్నాను. అది తప్పు. పాత లెక్కల్లో చావులు, పెద్ద దెబ్బలే ఎక్కువగా నమోదయ్యేవి. మోకాలు గీసుకుపోయి, తెగిన చెప్పు చేతపట్టుకుని ఇంటికి వెళ్లిపోయినవాళ్లు చాలావరకు కాగితమెక్కలేదు. ఆ లోటు సరిచేస్తూ జర్మనీ ప్రమాదాలను విశ్లేషించిన 2009 నాటి అధ్యయనంలో, ఆ వేగంలో పెద్దవాళ్ల మరణావకాశం సుమారు 8 శాతమే. అయినా అది 40 వేగంలో ఉన్నదానికి రెట్టింపు పైన, 30లో ఉన్నదానికి అయిదు రెట్ల పైన! అందుకే అక్కడ వేగం తగ్గించాలన్న మాట మార్చుకోను. ఇవి కారు ముందుభాగం తగిలిన లెక్కలు. లారీలకు, సైకిలు మీద వెళ్లేవారికి వీటిని అంటగట్టకూడదు. వృద్ధులకైతే ముప్పు ఇంకా ఎక్కువ.