పుట్టి వడ్లకు రెండు కిలోల నిద్ర

నెల్లూరులో నాకు నిద్ర పట్టకపోవడానికి దోమలే కారణమని ఇన్నేళ్ళూ అమాయకంగా నమ్మాను. కాదట. నా ఒంటికి చామొమైల్ టీ అందక పట్టడం లేదట.

ఈ సంగతి కనిపెట్టింది మా అక్క కొడుకు. బెంగళూరు నుంచి వస్తూ ఓ డబ్బా తెచ్చాడు. 25 సంచులు, 399 రూపాయలు. పేరుకు టీయే గానీ అందులో తేయాకు ఒక్క రేకు లేదు. మన చామంతి కుటుంబానికే చెందిన ఓ పువ్వును ఎండబెట్టి సంచిలో కట్టారు. కెఫీన్ ఉండదు కాబట్టి రాత్రిపూట తాగొచ్చన్నాడు, అది నిజమే. ఎపిజెనిన్ అనే పదార్థం మెదడును జోకొడుతుందనీ అన్నాడు. మనుషుల మీద చేసిన పరీక్షల్లో ఫలితం అంతంతమాత్రమేనని డబ్బా మీద లేదు. చోటు చాల్లేదేమో పాపం.

తాగడానికో పద్ధతుంది. కప్పు గాజుదే అయ్యుండాలి. మరిగిన నీళ్ళలో సంచి ముంచి, మూతపెట్టి, ఫోన్లో ఐదు నిమిషాల టైమర్ పెట్టాలి. అంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. నేనూ, మా ఆవిడా, వాడూ తద్దినానికి కూర్చున్నట్టు కప్పుల చుట్టూ కూర్చున్నాం. దోమలు మాత్రం మాట్లాడాయి. మూడో నిమిషంలో మా ఆవిడ నా చెంప మీద ఫెడీమని ఒకటిచ్చింది. కొట్టింది దోమనేనని ఇప్పటికీ అంటోంది. "టెన్షన్ వదిలెయ్ మామా, ఆవిరి పీల్చు" అన్నాడు వాడు. పీల్చాను. ఆవిరితో పాటు ఓ దోమా లోపలికెళ్ళింది. రెండు కప్పులు తాగి పడుకున్నవాణ్ణి ఒంటిగంటకోసారి, రెండుంబావుకోసారి లేచాను. బాత్‌రూమ్‌కి.

ఇంతటితో ఆగుంటే నవ్వి ఊరుకునేవాణ్ణే. మర్నాడు రాత్రి ఆ కషాయాన్నే ఫ్లాస్కులో పోసుకుని, కోవూరు దగ్గర వాళ్ళ నాన్నకు ఇద్దామని నన్నూ లాక్కెళ్ళాడు. మా బావ వారంగా రోడ్డు పక్కన, ఆరబోసిన వడ్ల దగ్గర పట్ట కప్పుకుని కాపలా పడుకుంటున్నాడు. ఆయనకు నిద్ర లేకపోవడం స్ట్రెస్ వల్లట! స్ట్రెస్ కాదురా, నెత్తిన మబ్బు. తేమ ఉందంటూ తరుగు తీసే దళారి. రేపొస్తానని నాలుగు రోజులుగా రాని లారీ. కోత మిషన్ వాడి బాకీ. వీటికి మందు పూలు నానేసిన వేణ్ణీళ్ళా? ఆ మాట చెప్పి అమ్మేవాడికి సిగ్గూశరం ఉండొద్దూ?

బావ రెండు గుక్కలు తాగి, "చామంతి దండ కడిగిన నీళ్ళలాగుందే. ఎంతరా ఇది?" అన్నాడు. వాడు చెప్పాడు. సంచికి గ్రామున్నర. బావ వడ్ల మీదే వేలితో లెక్క రాశాడు. కిలో 10,640 రూపాయలు. 2025-26కి సర్కారు చెప్పిన మద్దతు ధర క్వింటాలుకు 2,369. పుట్టి 850 కిలోలు, అంటే ఇరవై వేల చిల్లర. అదీ ఆ ధర ఇస్తే. పుట్టి వడ్లమ్మినా ఈ పూలు రెండు కిలోలు రావు.

అప్పటిదాకా కాస్త కునుకు తీస్తున్న మనిషి తెల్లారేదాకా మళ్ళీ కన్ను మూయలేదు. ఫ్లాస్కు మాత్రం చుక్క మిగల్చకుండా తాగాడు. డబ్బు పోసి కొన్నది కదా.