‘రోజుకు రెండు గ్లాసులు చాలు’ అనే మెసేజ్‌కు జవాబు

పిల్లల ఎదుగుదల గురించి ఒక మెసేజ్ ఫోన్లలో తెగ తిరుగుతోంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఒకటే. తోటి పిల్లల కంటే చిన్నగా కనిపిస్తే ఎదుగుదల లేనట్టే. రోజుకు రెండు గ్లాసుల పోషకాహార పానీయం ఇస్తే మూడు నెలల్లో బరువూ ఎత్తూ పెరుగుతాయి. ఒక గ్లాసు పూర్తి భోజనంతో సమానం కాబట్టి తినకపోయినా ఫర్వాలేదు. ఆసుపత్రుల్లో కూడా ఇస్తారు, ఏ వయసుకైనా మంచిదే, ఎంత తాగినా నష్టం లేదు, డాక్టర్ దగ్గరికి వెళ్లే పనే లేదు.

ఇదంతా అబద్ధమే అయితే రెండు ముక్కల్లో తేలిపోయేది. కానీ కొందరు పిల్లలకు ఈ పానీయాలు నిజంగానే పనికొస్తాయి. ఏ పిల్లలకు, ఏ పానీయం, ఎంతకాలం అన్న సంగతులు మాత్రం మెసేజ్‌లో ఎక్కడా లేవు. అందుకే దాన్ని ఒక్కో మాటగా విడదీసి చూడాల్సి వస్తోంది.

‘తోటి పిల్లల కంటే చిన్నగా ఉంటే ఎదుగుదల లేనట్టే’

మామూలుగా బిడ్డ బరువు నాలుగైదు నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు అవుతుంది. 3 కిలోలతో పుట్టిన బిడ్డ మొదటి పుట్టినరోజుకు 9 కిలోల దగ్గరికి వస్తుంది. ఆ తర్వాత వేగం తగ్గిపోతుంది. రెండో ఏడాది మొత్తమ్మీద పెరిగేది రెండున్నర కిలోల చుట్టుపక్కలే. పెరిగే వేగం తగ్గితే ఆకలీ తగ్గుతుంది. నిన్నటిదాకా లొట్టలేసుకుంటూ తిన్న బిడ్డ నాలుగు ముద్దలకే మూతి తిప్పేస్తుంది. ఇంట్లో కంగారు మొదలవుతుంది. చాలా ఇళ్లలోకి పొడి డబ్బా వచ్చేది సరిగ్గా ఈ వయసులోనే. బిడ్డకు లోపమేమీ ఉండదు, వయసుకు తగ్గట్టే తింటూ ఉంటుంది.

ఎత్తులో తల్లిదండ్రుల వాటా పెద్దది. ఇద్దరి ఎత్తులూ సెంటీమీటర్లలో కూడి, అబ్బాయికైతే 13 కలిపి, అమ్మాయికైతే 13 తీసేసి, సగం చేస్తే పెద్దయ్యాక వచ్చే ఎత్తుకు ఒక అంచనా దొరుకుతుంది. తండ్రి 165, తల్లి 150 అయితే అబ్బాయి అంచనా 164. దానికి అటూ ఇటూ ఎనిమిదిన్నర సెంటీమీటర్ల దాకా తేడా మామూలే. పొట్టి తల్లిదండ్రుల బిడ్డ క్లాసులో ముందు వరసలో నిలబడితే అది జబ్బు కాదు.

ఎదుగుదలను తేల్చేది గ్రోత్ చార్టు, అంటే ఏ వయసుకు ఎంత బరువు, ఎత్తు ఉండొచ్చో గీతలుగా చూపే పటం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ప్రమాణాలు బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికాల్లో మంచి పోషణ అందిన పిల్లల కొలతల మీద తయారయ్యాయి. ఐదేళ్లలోపు సరైన తిండి, ఆరోగ్యం ఉంటే ఏ దేశపు పిల్లలైనా దాదాపు ఒకేలా పెరుగుతారని ఆ అధ్యయనంలో తేలింది. చార్టు మీద ఒక్క చుక్క పెట్టి తీర్పు చెప్పకూడదు, కొన్ని నెలల చుక్కలను కలిపే గీతను చూడాలి. కింది గీత వెంబడే నిలకడగా నడిచే బిడ్డ గురించి బెంగ అక్కర్లేదు. ముందు మధ్యలో ఉండి, ఒక్కో గీతా దాటుకుంటూ కిందికి జారుతున్న బిడ్డ గురించి మాత్రం ఆలస్యం చేయకూడదు, తోటి పిల్లల కంటే బొద్దుగా కనిపిస్తున్నా సరే. కొలత కూడా సరిగా ఉండాలి. రెండేళ్లలోపు పడుకోబెట్టి, ఆ తర్వాత నిలబెట్టి కొలుస్తారు. ఈ రెండు పద్ధతుల మధ్యే 0.7 సెంటీమీటర్ తేడా వస్తుంది. ఒకసారి బూట్లతో, ఇంకోసారి ఒట్టి కాళ్లతో నిలబెడితే చార్టు మీద బిడ్డ ‘కుంగిపోయినట్టు’ కనిపిస్తుంది.

‘మూడు నెలల్లో బరువూ ఎత్తూ పెరుగుతాయి’

పెరుగుతాయి. ఏమీ ఇవ్వకపోయినా పెరుగుతాయి. మూడేళ్లు దాటాక యుక్తవయసు మొదలయ్యేదాకా పిల్లలు ఏడాదికి సుమారు 5 నుంచి 7 సెంటీమీటర్లు, రెండు కిలోల పైచిలుకు పెరుగుతారు. అంటే మూడు నెలల్లో ఒకటిన్నర సెంటీమీటర్, అర కిలో ఎలాగూ వచ్చేవే. డబ్బా మొదలుపెట్టిన రోజు గోడ మీద గీత గీసి, మూడు నెలల తర్వాత దాని పైన ఇంకో గీత పడితే ఆ ఘనత డబ్బాది కాదు.

పరిశోధనలు లేవా అంటే ఉన్నాయి. బరువు తక్కువగా ఉండి, తిండి దగ్గర పేచీ పెట్టే పిల్లల్లో కొందరికి ఆహార సలహాలు మాత్రమే, కొందరికి సలహాలతో పాటు పానీయం కూడా ఇచ్చి పోల్చి చూశారు. పానీయం అందినవాళ్లు బరువులో కొంత ముందుకెళ్లారు, ఎత్తులో తేడా అంతగా లేదు. ఇందులో రెండు విషయాలు గమనించాలి. పానీయం ఇచ్చిన ఇళ్లకు కూడా తిండి గురించి సలహా అందింది, డబ్బా ఒక్కటే ఇచ్చి వదిలేయలేదు. ఇక ఇలాంటి పరిశోధనల్లో చాలావాటికి డబ్బు పెట్టింది ఆ పానీయాలు తయారుచేసే కంపెనీలే. అంతమాత్రాన ఫలితాలు తప్పని అనలేం, అలాగని కళ్లు మూసుకుని నమ్మనూ లేం. తమ పానీయంతో పిల్లలు మరింత పొడుగ్గా, బలంగా, చురుగ్గా అవుతారని చెప్పిన హార్లిక్స్ టీవీ ప్రకటనను, చూపిన ఆధారాలు చాలవంటూ 2008లో బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ తప్పుపట్టింది.

తిండి చాలకే ఎదుగుదల ఆగి ఉంటే, సరిపడా అందడం మొదలయ్యాక ముందు బరువు కోలుకుంటుంది, ఎత్తు దాని వెనక మెల్లగా వస్తుంది. కారణం థైరాయిడ్ లోపమో, గ్రోత్ హార్మోన్ లోపమో అయితే ఎన్ని గ్లాసులు పోసినా ఎత్తు కదలదు, ఒళ్లు మాత్రం వస్తుంది. బరువు బాగానే ఉండి ఎత్తు మాత్రమే వెనకబడిందంటే హార్మోన్ల వైపు చూడాలని డాక్టర్లు అనేది అందుకే. అలాంటి బిడ్డకు పొడి కలిపి ఇస్తూ ఏడాది గడిపేస్తే, చికిత్సకు పనికొచ్చే కాలంలో ఒక ఏడాది పోయినట్టే.

‘ఒక గ్లాసు పూర్తి భోజనంతో సమానం’

ఇంట్లో డబ్బా ఉంటే తిప్పి వెనక లేబుల్ చూడండి. పోషకాల పట్టికలో చాలాసార్లు రెండు వరసలుంటాయి. ఒకటి పొడిలో ఉన్నవి, రెండోది ‘పాలలో కలిపాక’ వచ్చేవి. ప్రకటనలో వినిపించే పెద్ద అంకెలు సాధారణంగా ఆ రెండో వరసవే. మొలకెత్తిన ధాన్యంతో చేసే మామూలు మాల్ట్ పొడి రెండు మూడు చెంచాలు, అంటే 25–30 గ్రాములు తీసుకుంటే వచ్చేది సుమారు 100 క్యాలరీలు, రెండు మూడు గ్రాముల ప్రొటీన్. అందులోనూ ఎక్కువ భాగం పిండిపదార్థం, చక్కెర. దాన్ని కలిపిన 200 మిల్లీలీటర్ల చిక్కటి పాలలో సొంతంగానే సుమారు 130 క్యాలరీలు, ఆరు గ్రాములకు పైగా ప్రొటీన్ ఉంటాయి. గ్లాసులో అసలు పని చేసేది పాలు, పేరు పొడికి.

మార్కెట్లో ‘పోషకాహార పానీయం’ అనే ఒకే పేరు కింద మూడు రకాలున్నాయి. మొదటిది ఇప్పుడు చెప్పిన మాల్ట్ పొడి, రుచి కోసం తాగేది. రెండోది పిల్లల కోసమే తయారుచేసిన సంపూర్ణ పోషణ పొడి. కొవ్వు, ప్రొటీన్, విటమిన్లు లెక్క ప్రకారం ఉంటాయి. చెప్పిన కొలతలో నీళ్లు పోస్తే మిల్లీలీటరుకు సుమారు ఒక క్యాలరీ వస్తుంది. మూడోది ఆసుపత్రుల్లో సిఫారసు చేసే సీసా పానీయం, కొన్నింట్లో మిల్లీలీటరుకు ఒకటిన్నర క్యాలరీ దాకా ఉంటుంది. పైన చెప్పిన పోలిక పరిశోధనలు రెండో, మూడో రకాల మీద జరిగినవి. జనం కొనేది మాత్రం చాలాసార్లు మొదటి రకం. ఈ మూడింటి మధ్య తేడా చెప్పకుండా ‘రెండు గ్లాసులు’ అనడం మోసం కాకపోయినా మోసానికి దగ్గరే.

సంపూర్ణ పోషణ పొడి అయినా సరే, భోజనానికి బదులుగా ఇస్తే లాభం సున్నా. ఒంటికి ఒక గ్రాము కొత్త కండరం, కొవ్వు చేరాలంటే సుమారు 5 క్యాలరీలు కావాలి. రోజుకు 100 క్యాలరీలు నిజంగా అదనంగా అందితే బరువు 20 గ్రాముల దాకా పెరగొచ్చు. ‘అదనంగా’ అన్న మాట దగ్గరే లెక్క తప్పుతోంది. ఉదయం లేవగానే ఒక గ్లాసు, టిఫిన్ తినలేదని ఇంకో అర గ్లాసు, మధ్యాహ్నం రెండు ముద్దలకే లేచిపోయాడని మరో గ్లాసు. బిడ్డ కడుపు చిన్నది, పొద్దంతా గుటక గుటకగా నిండుతూ ఉంటే ఆకలి ఎక్కడి నుంచి వస్తుంది? సాయంత్రానికి తల్లి ‘వీడు ఏమీ తినడు’ అంటుంది, ఆ మాటా నిజమే. పైగా తినకపోతే తియ్యటి గ్లాసు వస్తుందని పిల్లలు మహా తొందరగా కనిపెట్టేస్తారు.

నమలడం నేర్చుకోవాల్సిన వయసులో తాగడానికే అలవాటుపడితే, గట్టి పదార్థం నోట్లో పెట్టగానే ఉమ్మేస్తారు. తిండి పేచీని పోగొట్టడానికి తెచ్చిన డబ్బాయే దాన్ని పెంచుతుంది. పానీయం ఇవ్వాల్సి వస్తే భోజనం అయ్యాక గానీ, భోజనానికి గంటన్నర ముందు గానీ, గ్లాసులో పోసి ఒక్క దఫాలో ఇవ్వాలి. పాలసీసాలో పోసి పడుకోబెట్టి ఇస్తే పళ్లు పుచ్చిపోతాయి.

ఇంకో సంగతి. బిడ్డ రోజూ తినే దాంట్లోనే ఒక చిన్న చెంచా నూనె కలిపితే సుమారు 40 క్యాలరీలు చేరతాయి, కడుపులో చోటేమీ పట్టదు. డైటీషియన్లు సాధారణంగా ముందు ఇలాంటి మార్పులే చెప్తారు. అవి చాలనప్పుడే డబ్బా సంగతి వస్తుంది.

‘ఆసుపత్రుల్లో కూడా ఇస్తారు’

ఇస్తారు, మెసేజ్‌లోని నిజం ఇదే. పుట్టుకతో గుండె లోపం ఉన్న బిడ్డ ఊపిరి తీసుకోవడానికే ఎక్కువ శక్తి ఖర్చుచేస్తుంది, పాలు తాగుతూనే అలసిపోతుంది. ఊపిరితిత్తుల్లో, జీర్ణవ్యవస్థలో జిగట పేరుకునే సిస్టిక్ ఫైబ్రోసిస్, కిడ్నీ జబ్బులు, క్యాన్సర్ చికిత్స, మెదడు దెబ్బతిని కండరాల మీద పట్టు తప్పి మింగడం కష్టమయ్యే సెరిబ్రల్ పాల్సీ లాంటి స్థితుల్లో మామూలు తిండితో అవసరం తీరదు. కొద్ది మోతాదులో ఎక్కువ శక్తి ఇచ్చే పానీయం అక్కడ చాలా విలువైనది. పేగులకు వచ్చే క్రోన్స్ జబ్బులోనైతే పిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాలపాటు మామూలు తిండి ఆపేసి ఇలాంటి ద్రవాహారమే ఇస్తారు. దాంతో పేగుల వాపు తగ్గుతుంది, ఎదుగుదల మళ్లీ అందుకుంటుంది. అక్కడ పానీయమే మందు.

కానీ అక్కడ ఇచ్చే ప్రతి మిల్లీలీటరుకూ లెక్క ఉంటుంది. కిడ్నీ జబ్బున్న బిడ్డకు పొటాషియం, ఫాస్ఫరస్ తగ్గించిన రకం ఇస్తారు. మింగడం సరిగా రాని బిడ్డకు పల్చటి ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది కాబట్టి, ఎలా ఇవ్వాలో ముందు చూసుకుంటారు. మరీ చిక్కిపోయిన బిడ్డ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు బిడ్డకు భుజానికీ మోచేతికీ మధ్య చేతి చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల కంటే తగ్గితే అది తీవ్ర పోషకాహార లోపం. దానికి తోడు జబ్బుగా ఉండి, ఆకలి చచ్చిపోయి ఆసుపత్రిలో చేరిన బిడ్డకు మొదటి రోజుల్లో బలమైన తిండి పెట్టరు. ప్రొటీన్ తక్కువగా ఉండే ఎఫ్-75 అనే పాలు కొద్దికొద్దిగా పడతారు. 100 మిల్లీలీటర్లకు 75 క్యాలరీలు మాత్రమే. ఒళ్లు కుదుటపడి ఆకలి పుట్టాక గానీ శక్తి పెంచరు. ఆకలికి అలవాటుపడిన ఒంట్లోకి ఒక్కసారిగా తిండి పోస్తే రక్తంలో లవణాల సమతూకం దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. ఆ బిడ్డకు మెసేజ్ చదివి చిక్కగా రెండు గ్లాసులు పట్టడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

‘ఏ వయసుకైనా ఇవ్వొచ్చు’

కుదరదు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు మాత్రమే, అవి లేని పరిస్థితిలో శిశువుల ఫార్ములా. ఏడాదిలోపు బిడ్డకు పెద్ద పిల్లల పొడులు పట్టకూడదు. ఏడాది నుంచి రెండేళ్ల మధ్య పిల్లలకు ‘ఫాలో అప్’ ఫార్ములాలను, అంటే ఆరు నెలలు దాటిన పిల్లల కోసమంటూ అమ్మే పాలపొడులను, సిఫారసు చేయడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో చెప్పింది.

‘ఎంత తాగినా నష్టం లేదు’

ఏడాది దాటిన బిడ్డ రోజుకు అర లీటరుకు మించి పాలు తాగుతుంటే ఇనుము లోపం వచ్చే అవకాశం పెరుగుతుంది. పాలలో ఇనుము చాలా తక్కువ, పైగా పాలు ఇనుమున్న తిండికి కడుపులో చోటివ్వవు. ఇనుము తగ్గితే ఆకలి తగ్గుతుంది, ఆకలి లేదని మళ్లీ గ్లాసు. పాలలో కలిపే పొడి రోజుకు రెండు గ్లాసులు, మామూలుగా తాగే పాలు దానికి అదనం అంటే ఆ అర లీటరు ఎప్పుడో దాటిపోతుంది.

చక్కెర లెక్క కూడా చూడాలి. రోజుకు 1000 క్యాలరీలు కావాల్సిన చిన్న బిడ్డకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 10 శాతం హద్దు ప్రకారం కలిపిన చక్కెర 25 గ్రాములు దాటకూడదు. లేబుల్‌లో ‘యాడెడ్ షుగర్స్’ అన్న వరస చూసి రెండుతో గుణించండి. త్వరగా బలం వస్తుందని చెప్పిన కొలత కంటే చెంచా ఎక్కువ వేసేవాళ్లున్నారు. మరీ చిక్కనైతే విరేచనాలు పట్టుకుంటాయి. డబ్బా నాలుగు రోజులు ఎక్కువ రావాలని నీళ్లు ఎక్కువ పోస్తే క్యాలరీలు పోతాయి. పాల ప్రొటీన్ పడని పిల్లలకు వీటిలో చాలావరకు అసలే పనికిరావు.

‘డాక్టర్ దగ్గరికి వెళ్లే పని లేదు’

బరువు పెరగకపోవడం జ్వరం లాంటిదే. అది జబ్బు పేరు కాదు, వెనక ఏదో ఉందని చెప్పే గుర్తు. తిండి తక్కువ కావడం అన్నిటికంటే మామూలు కారణం, అయితే అదొక్కటే కాదు. గోధుమల్లోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు, క్షయ, పేగుల్లో పరాన్నజీవులు, రక్తహీనత, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, చివరికి మొండి మలబద్ధకం కూడా ఆకలినీ ఎదుగుదలనూ దెబ్బతీస్తాయి. వీటిలో చాలావాటిని మామూలు పరీక్షలతోనే పట్టుకోవచ్చు. బరువు తగ్గుతున్నా, విరేచనాలు వారాల తరబడి ఆగకపోయినా, వాంతులు మళ్లీ మళ్లీ అవుతున్నా, నేర్చుకున్న ఆటలు, మాటలు మర్చిపోతున్నా ఏ డబ్బా కోసమూ ఆగకూడదు.

వెళ్లేటప్పుడు పుట్టినప్పటి బరువు, టీకాల కార్డులోని పాత బరువులు, మూడు రోజులపాటు బిడ్డ తిన్నదీ తాగిందీ రాసిన కాగితం పట్టుకెళ్తే సగం పని అయిపోతుంది. ‘ఏమీ తినడు’ అన్న బిడ్డ కాగితంలో బిస్కెట్లు, తియ్యటి గ్లాసులు వరసగా కనిపించడం పిల్లల డాక్టర్లకు కొత్త కాదు. పరీక్షించి, నిజంగా పానీయం అవసరమని డాక్టర్ అంటే ఏ రకం, రోజుకు ఎంత, ఏ వేళల్లో అని అడిగి రాయించుకోండి. మళ్లీ బరువు చూసేది ఎప్పుడో, ఎంత పెరిగాక తగ్గించి ఆపేయాలో కూడా అప్పుడే అడగండి. మెసేజ్‌లో ఎప్పుడు మొదలుపెట్టాలో ఉంది గానీ ఎప్పుడు ఆపాలో ఎక్కడా లేదు.