కుర్చీ సీన్‌ని మర్చిపోయారా సార్?

2011లో వచ్చిన గూఢచారి కామెడీ సినిమా 'జానీ ఇంగ్లిష్ రీబార్న్' కి విమర్శకులు తక్కువ మార్కులేశారు కాబట్టి అది దండగ సీక్వెల్ అని మీ రివ్యూలో తేల్చేశారు మీరు, నాకైతే అస్సలు మింగుడుపడలేదు. కథ పాతదే, విలన్ ఎవరో అరగంటలో మనకే తెలిసిపోతుంది, అది ఒప్పుకుంటా. కానీ ఇలాంటి సినిమాకి కథ కోసం వెళ్తామా ఎవరైనా?

ప్రధానమంత్రి ఎదురుగా మీటింగ్‌లో కూర్చున్నప్పుడు ఆ కుర్చీ తనంతట తనే పైకి లేస్తూ కిందికి దిగుతూ ఉంటే హీరో రోవాన్ ఆట్కిన్సన్ (మన మిస్టర్ బీన్) మాత్రం ఏమీ జరగనట్టు ముఖం బిగించుకుని కూర్చుంటాడు చూడండి, మా నాన్నకి ఒక్క ముక్క ఇంగ్లిష్ రాకపోయినా పొట్ట పట్టుకుని నవ్వారు. హాంగ్‌కాంగ్ ఛేజ్ కూడా అంతే. అవతలివాడు కుర్రాడు, గోడలెక్కి దూకి పరిగెడుతుంటే, ఈయన వయసైన పెద్దమనిషిలా తాపీగా గేటు తీసుకుని వెళ్తాడు, లిఫ్ట్‌లో దిగుతాడు. మొత్తం బాండ్ సినిమాల హడావిడికి అంతకంటే మంచి వెక్కిరింపు ఏముంటుంది? 2003 నాటి మొదటి భాగంలో ఈయన ఉత్త మొద్దు, ఇందులో అప్పుడప్పుడు నిజంగానే బుర్ర పనిచేస్తుంది, నాకు నచ్చింది అదే.

విమర్శకులు పెదవి విరిచినా ప్రపంచమంతా కలిపి 15 కోట్ల డాలర్లు దాటిందిగా, అందులో ఎక్కువ భాగం అమెరికా బయటి నుంచే. 2018లో వచ్చిన మూడోది మాత్రం, మీరన్నట్టే, నీరసం. దాన్ని తిట్టండి, నేనూ కలుస్తా.