ఏ ఊరి ప్రెసిడెంటు?

నిన్న సాయంత్రం జరిగింది. చెవులు ఇంకా చల్లారలేదు.

లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దగ్గర ఎనభై రూపాయలు పెట్టి ఒక ఇంగ్లిష్ థ్రిల్లర్ కొన్నాను. అమెరికా ప్రెసిడెంటు మీద కుట్ర, సీక్రెట్ సర్వీస్ దర్యాప్తు. రెండు రాత్రులు చదివాను. నిన్న గుంటూరు బస్సెక్కి చివరి అధ్యాయం తెరిస్తే, లేదు. అట్టకి జిగురు మాత్రం ఉంది. "కండిషన్ బాగుంది సార్" అన్నాడు అమ్మినాయన. అట్ట సంగతన్నమాట.

ఈ పుస్తకం మా బావ చదివాడు. ఫోన్ చేశాను. వారధి మీద గాలి, ఇంజన్ రొద, గొంతు పెంచక తప్పలేదు. తాడేపల్లి దాటాక ఏదో అడ్డం వచ్చి డ్రైవరు ఇంజన్ ఆపేశాడు. సరిగ్గా అప్పుడే నేను అరుస్తున్నాను: "ప్రెసిడెంటుని లేపేసేది ఎవరు బావా? లోపలివాడేనా?"

లైన్ కట్టయింది. బస్సంతా నిశ్శబ్దం. ముందు సీట్లో పిల్లాడు కూడా ఏడుపు ఆపి వెనక్కి తిరిగాడు.

పక్కన ఒళ్ళో మామిడికాయల సంచీతో ఒక పెద్దాయన. నా వైపు జరిగి, గొంతు తగ్గించి, "ఏ ఊరి ప్రెసిడెంటు బాబూ?" అన్నాడు.

సర్పంచ్ అనే మాట కాగితాల మీదే గానీ, మా వైపు పల్లెల్లో నోటికొచ్చేది ప్రెసిడెంటు గారే. నాకూ తెలుసు, సమయానికి గుర్తు రాలేదంతే.

"అమెరికా అండీ."

"అమెరికాలో ఏ ఊరు?"

ఇక పుస్తకం తీసి చూపించాల్సి వచ్చింది. అక్కడితో ఆపితే ఏ గొడవా లేదు. నాలోని మేష్టారు ఊరుకోడు కదా! సీక్రెట్ సర్వీసుని 1865 జూలైలో పెట్టారనీ, అప్పటికి లింకన్ పోయి మూడు నెలలు కూడా కాలేదనీ, అయినా పెట్టింది ప్రెసిడెంటుని కాయడానికి కాదు, దొంగనోట్లు పట్టడానికనీ చెప్పాను. 1881లో గార్‌ఫీల్డ్, 1901లో మెకిన్లీ, ఇద్దరినీ కాల్చి చంపాకగానీ కాపలా పని వాళ్ళకి పూర్తిగా అప్పగించలేదు.

"ముగ్గురు పోయాకా!" అన్నాడు పెద్దాయన. "మా ఊళ్ళోనూ అంతే. ముగ్గురు పడ్డాక వేశారు స్పీడ్ బ్రేకరు."

దొంగనోట్లు అనే ముక్క మాత్రం కండక్టర్ చెవిన పడింది. అంతకుముందే నా ఐదొందల నోటు తీసుకుని, చిల్లర లేదని టికెట్ వెనక గీకి ఇచ్చాడు. ఇప్పుడు సంచీలోంచి దాన్ని తీసి లైటుకి ఎత్తిపట్టాడు. తిప్పాడు. గోరుతో గీశాడు. నా మొహం చూశాడు, గాంధీ గారి మొహం చూశాడు, ఇద్దరిలో ఎవరినీ నమ్మబుద్ధి కాలేదేమో, డ్రైవరుకి చూపించాడు. డ్రైవరు చూసి వెనక సీటావిడకిచ్చాడు. ఆవిడ వాసన చూసింది! నోటుని వాసన చూడమని ఎవరు నేర్పారో! అలా నా నోటు నాలుగు సీట్లు తిరిగి, "మంచిదే" అనిపించుకుని మళ్ళీ సంచీలోకి పోయింది. చిల్లర మాత్రం రాలేదు.

పెద్దాయన ఇవేవీ పట్టించుకోలేదు. మంగళగిరి దాకా ఆలోచించి, "ఆ మెకిన్లీ పోయాక కుర్చీ ఎవరికొచ్చింది?" అన్నాడు.

"వైస్ ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్‌కి. కానీ ఆయనకేం సంబంధం లేదండీ, కాల్చినవాడు వేరే."

"అది సరే. నీ పుస్తకంలో వైస్ ప్రెసిడెంటున్నాడా?"

"ఉన్నాడు. చాలా మంచివాడు."

"వాడే."

పెదకాకానిలో ఒక మామిడికాయ నా చేతిలో పెట్టి దిగిపోయాడు.

గుంటూరు బస్టాండులో దిగి టీ తాగుతుంటే బావ మెసేజ్ వచ్చింది: "వైస్ ప్రెసిడెంటు. ఊహించలేవు." డబ్బులిద్దామని జేబులో చెయ్యి పెడితే టికెట్ తగిలింది. దాని వెనక నాలుగొందల చిల్లర. బస్సు వెళ్ళిపోయింది.

టీ ఆయనకి మామిడికాయ చూపించాను. వద్దన్నాడు.