టైప్‌రైటరుకు అబద్ధమాడటం రాదా?

యాత్రా రచన గురించి వాట్సాప్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ తెగ తిరుగుతున్న వాదన ఒకటుంది. టైప్‌రైటర్ రోజుల్లో యాత్రికుడు కళ్ళారా చూసినదే రాసేవాడట. సొంత డబ్బుతో వెళ్ళేవాడట. తీరిగ్గా ఆలోచించి మరీ కాగితం మీద పెట్టేవాడట. చేతికి ఫోన్ వచ్చాక ఆ రచన చచ్చిపోయిందట. వీటిలో మొదటి మూడు మాటలు చరిత్ర ముందు నిలవవు. నాలుగోదాంట్లో కొంత నిజముంది గాని, నేరం మోపవలసింది ఫోన్ మీద కాదు.

ముందు నిజాయితీ సంగతి చూద్దాం. అమెరికన్ రచయిత జాన్ స్టైన్‌బెక్ 1960 సెప్టెంబరులో చార్లీ అనే కుక్కను వెంటబెట్టుకుని, ట్రక్కు మీద అమర్చిన చిన్న గదితో అమెరికా చుట్టివచ్చి, 1962లో ‘ట్రావెల్స్ విత్ చార్లీ’ ప్రచురించాడు. ఒంటరి మనిషి, పక్కన కుక్క, ఊరిబయట బస అన్న చిత్రమే పాఠకుల మనసుల్లో నిలిచిపోయింది. యాభై ఏళ్ళ తరువాత బిల్ స్టైగర్‌వాల్డ్ అనే పాత్రికేయుడు అదే దారిన ప్రయాణించి, స్టైన్‌బెక్ ఉత్తరాలనూ రాతప్రతినీ అచ్చయిన పుస్తకంతో పోల్చి చూశాడు. నార్త్ డకోటా రాష్ట్రంలో ఆలిస్ అనే ఊరి దగ్గర ఆగి ఒక సంచార నటుడితో ముచ్చటించానని పుస్తకంలో ఉన్న రోజున, రచయిత అక్కడికి 300 మైళ్ళకు పైగా పడమరనున్న బీచ్ అనే ఊళ్ళో మోటెల్‌లో దిగినట్టు ఆయన భార్యకు రాసిన ఉత్తరమే పట్టిచ్చింది. ఆ భార్యే ప్రయాణంలో చాలా దూరం ఆయన వెంట ఉన్నదనీ, ఎన్నో రాత్రులు హోటళ్ళలోనే గడిచాయనీ కూడా తేలింది. 2012 నాటి కూర్పుకు రాసిన ముందుమాటలో, ఆయన ప్రధానంగా నవలాకారుడు కనుక ఈ పుస్తకాన్ని అక్షరాలా తీసుకోవద్దని స్టైన్‌బెక్ జీవితచరిత్ర రాసిన జే పారినీ హెచ్చరించవలసి వచ్చింది. నా దృష్టిలో అది మంచి పుస్తకమే; కాని నిజాయితీకి నమూనాగా చూపడానికి పనికిరాదు. అన్నట్టు, స్టైన్‌బెక్ రాసింది పెన్సిల్‌తో.

ఆ కల్పన అర్ధశతాబ్దం పాటు బయటపడకపోవడానికి కారణం ఆనాటి రచయితల గొప్పతనం కాదు, సరిచూసుకునే దారి పాఠకుడికి లేకపోవడం. ఈరోజు ఎవరైనా ఫలానా కొండ ఎక్కానని రాస్తే, ఆ వారంలోనే అక్కడికి వెళ్ళివచ్చినవాళ్ళు ఫొటోతో సహా కింద ప్రశ్న పెడతారు.

సొంత డబ్బు మాటకు జవాబు చిన్నదే. స్టైన్‌బెక్ యాత్ర పుస్తకంగా రాకముందే 1961–62లో ‘హాలిడే’ పత్రికలో వరుసగా వెలువడింది. పత్రికలు, ప్రచురణకర్తలు ముందుగా డబ్బిచ్చి రచయితలను పంపడం అప్పటి మామూలు పద్ధతి. విమాన సంస్థలు, హోటళ్ళు ఉచితంగా తిప్పిన యాత్రలకూ కొదవ లేదు. 1987లో ‘కాండే నాస్ట్ ట్రావెలర్’ పత్రిక ‘ప్రయాణంలో సత్యం’ అన్న నినాదంతో, ఉచితాలు స్వీకరించబోమని ప్రకటించుకుని మొదలైందంటే, మిగతా రంగం ఎలా నడిచేదో ఊహించుకోవచ్చు. డబ్బో బహుమతో తీసుకుని సామాజిక మాధ్యమాల్లో పెట్టే పోస్టు మీద ఆ సంగతి స్పష్టంగా వెల్లడించాలని మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి నియమం పెట్టింది 2021లో. దాన్ని అందరూ పాటిస్తున్నారని నేననను. కాని అడగడానికి ఒక నియమమైతే ఉంది.

ఇక తీరిక. 1953 మే 29న హిల్లరీ, టెన్జింగ్ ఎవరెస్టు ఎక్కినప్పుడు, లండన్ పత్రిక ‘ది టైమ్స్’ తరఫున వెంట వెళ్ళిన జేమ్స్ మోరిస్ (తరువాతి కాలంలో లింగమార్పిడితో జాన్ మోరిస్ అయిన రచయిత్రి) మరునాడే చీకట్లో మంచుకొండ దిగివచ్చి, మంచు పరిస్థితి బాగాలేదన్న అర్థం వచ్చే సంకేత సందేశాన్ని మనిషి చేత, వైర్‌లెస్ ఉన్న నామ్చే బజారుకు పరుగెత్తించాడు. పోటీ పత్రికలవాళ్ళు చూసినా ప్రయత్నం విఫలమైందనుకోవాలి. లండన్‌లో మాత్రం దాన్ని విజయమని చదువుకుంటారు. జూన్ 2న, రాణి పట్టాభిషేకం నాటి ఉదయమే, వార్త అచ్చయింది. ముందుగా చెప్పాలన్న ఆరాటం ఫోన్‌తో పుట్టలేదు. తీరిక కావాలనుకున్నవాళ్ళు దాన్ని ఇంటికి తిరిగొచ్చాక సంపాదించుకున్నారు: ఆంగ్ల రచయిత రాబర్ట్ బైరన్ 1933–34లో పర్షియా, అఫ్ఘానిస్తాన్ తిరిగితే, దినచర్యలా కనిపించే ఆయన పుస్తకం 1937లో గాని రాలేదు. ఫోన్‌లో నోట్సు రాసుకుని మూడేళ్ళు ఆగడానికి ఈనాడు ఎవరూ అడ్డు రారు.

మన దగ్గర ఈ టైప్‌రైటర్ బెంగ అరువు తెచ్చుకున్నదనే నా అనుమానం. తెలుగు టైప్‌రైటర్లు ఎక్కువగా కార్యాలయాల్లో కనిపించేవి. రచయితలు చేత్తో రాస్తే ప్రెస్సులో కంపోజిటర్లు అక్షరాలు పేర్చేవారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, దారి పొడుగునా చూసినది మిత్రుడు శ్రీనివాసపిళ్ళెకు రాసి పంపుతూ వచ్చిననాటికి టైప్‌రైటరు వాడుకలోనే లేదు. ఏ మజిలీలో అంగళ్ళున్నాయి, నీళ్ళ వసతి ఎట్లా ఉంది, దిగడానికి చోటు దొరుకుతుందా అన్న వివరాలు ఆయన ఓపికగా నమోదు చేసింది, వెనక వచ్చే యాత్రికుడికి అవి ప్రాణావసరం కనుక.

ఫోన్ తీసేసుకున్నది సరిగ్గా ఆ పనినే. దారి, దూరం, బస, ధర చెప్పే బాధ్యత మ్యాపులకూ రివ్యూలకూ వెళ్ళిపోయింది కాబట్టి, ఆ వివరాలతోనే పేజీలు నింపే రచన నిజంగానే చచ్చిపోయింది, పోతే పోయింది. అసలు నష్టం వేరేచోట జరిగింది. రచయితను పంపి, పారితోషికమిచ్చి, రాసినదాన్ని నిలదీసి దిద్దే సంపాదకుడున్న పత్రికలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, లేదా పేజీలు తగ్గించుకున్నాయి. ఆ ఖాళీలోకే మనిషి వెళ్ళకుండా తయారయ్యే వ్యాసాలు వచ్చి చేరుతున్నాయి. 2023 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ వారి ప్రయాణాల పేజీలో కెనడా రాజధాని ఒట్టావాలో తప్పక చూడవలసిన స్థలాల జాబితా వెలువడింది. అందులో పేదలకు ఆహారం పంచే ఫుడ్ బ్యాంకును కూడా చేర్చి, ఖాళీ కడుపుతో వెళ్ళమని పర్యాటకులకు సలహా ఇచ్చారు. పాఠకులు పట్టుకుని నవ్విపోయాక దాన్ని తొలగించారు.