జట్లు పెంచండి, లీగ్‌లను మాత్రం కలపొద్దు

అమెరికన్, నేషనల్ అనే రెండు లీగ్‌లున్న మేజర్ లీగ్ బేస్‌బాల్‌ను 30 జట్ల నుంచి 32కి పెంచి, లీగ్‌లతో పని లేకుండా దగ్గరి ఊళ్లను కలిపి, నాలుగేసి జట్లతో ఎనిమిది డివిజన్లు చేయాలని ఒక వ్యాసంలో చదివాను. దాంతో నేను సగమే ఏకీభవిస్తాను. మేం ఉండేది డాలస్ దగ్గర. మా ఊరి జట్టు రేంజర్స్‌ను పశ్చిమ తీరంలోని సియాటిల్, కాలిఫోర్నియా జట్లతో కలిపి అమెరికన్ లీగ్ వెస్ట్‌లో పెట్టారు. అక్కడ రాత్రి మ్యాచ్ మొదలయ్యేసరికి మాకు ఎనిమిదిన్నర దాటుతుంది. పొద్దున్నే స్కూలుకెళ్లే పిల్లలు ఇంక ఏం చూస్తారు? కాన్సాస్ సిటీ, సెయింట్ లూయిస్ మా డివిజన్‌లోకి వస్తే ఈ టైమ్ జోన్ గొడవ ఉండదు. సెయింట్ లూయిస్ నేషనల్ లీగ్ జట్టే అయినా, ఒక జట్టు లీగ్ మారడం కొత్తేం కాదు. మా టెక్సస్‌లోని హ్యూస్టన్ 2013లోనే నేషనల్ లీగ్ వదిలి మా డివిజన్‌లోకి వచ్చేసింది.

అలాగని దూరం ఒక్కటే చూసి, న్యూయార్క్‌లోనే ఉన్నా వేర్వేరు లీగ్‌లలో ఆడే యాంకీస్‌నూ మెట్స్‌నూ ఒకే డివిజన్‌లో పడేస్తారా? రెండు లీగ్‌ల మధ్య తేడా ఇప్పటికే తగ్గిపోయింది. పిచర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసే ఆటగాడిని (డీహెచ్) దించే అమెరికన్ లీగ్ పద్ధతి 2022లో రెండు లీగ్‌లకూ వచ్చింది. 2023 నుంచి ప్రతి జట్టూ మిగతా అన్ని జట్లతోనూ ఆడుతోంది. ఆ ఉన్న కాస్త తేడా కూడా చెరిపేస్తే, సీజన్ చివర జరిగే ఫైనల్, అంటే వరల్డ్ సిరీస్‌లో రెండు లీగ్‌ల విజేతలు తలపడుతున్నారన్న మాటకు అర్థమేముంటుంది?

కొత్త ఊళ్లంటే నాష్‌విల్, సాల్ట్ లేక్ సిటీ పేర్లు ఎక్కువగా వినిపిస్తున్నాయి. నా ఓటు మాత్రం కెనడాలోని మాంట్రియల్‌కే. 2004 సీజన్ అయ్యాక వాళ్ల జట్టు ఎక్స్‌పోస్‌ను వాషింగ్టన్‌కు పట్టుకుపోయారు, ఆ బాకీ ఇంకా తీర్చలేదు. అసలు ముందు ఓక్లండ్ వదిలేసి వచ్చిన అథ్లెటిక్స్ జట్టు సంగతి చూడండి. 2025 నుంచి వాళ్లు సాక్రమెంటోలో కింది స్థాయి జట్లు ఆడే ఒక మైనర్ లీగ్ గ్రౌండ్‌లో సర్దుకుంటున్నారు. వాళ్లు వెళ్లాల్సిన లాస్ వేగస్‌లో స్టేడియం పూర్తి కాకుండానే కొత్త జట్లకు ఇంత తొందరెందుకో!